నూట ఎనిమిదిలో మన అమ్మాయి



మొన్న మధ్యాహ్నం అన్నాలయ్యాక మా పక్కింటి అమ్మాయి వచ్చి కూర్చుంది. బి.ఎస్సీ. పాసై ఏడాదైంది. "అత్తా, నేను 108లో ఇ.ఎం.టి.గా చేరదామనుకుంటున్నాను. అమ్మ ఒప్పుకోవడం లేదు. నువ్వొక మాట చెప్పవా?" అంది. ఇ.ఎం.టి. అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. అంబులెన్సులో రోగి పక్కన కూర్చుని, ఆసుపత్రి చేరేదాకా ప్రాణం నిలబెట్టే మనిషి. వెనకాలే వాళ్ళమ్మ వచ్చింది. "రాత్రనక పగలనక రక్తాలు చూసుకుంటూ బండిలో తిరిగే ఉద్యోగమా ఆడపిల్లకి? పోనీ అదేమన్నా పర్మినెంటా?" అని ఆమె బాధ. ఇద్దరి మాటా న్యాయమే అనిపించింది. ఆ ఉద్యోగం ఎక్కడ పుట్టి, మా ఊరిదాకా ఎలా వచ్చిందో తెలిస్తే తల్లీకూతుళ్ళు నిదానంగా మాట్లాడుకోవచ్చు కదా అని ఈ నాలుగు మాటలు.

మాది బేతంచెర్ల. డోన్‌కూ నంద్యాలకూ మధ్య రైలు దారిలో ఉంది. మీలో చాలామంది ఇళ్ళల్లో కాళ్ళ కింద ఉండే నున్నని బండలు మా గనుల్లో తీసి, మా పాలిష్ ఫ్యాక్టరీల్లో కోసినవే అయివుంటాయి. బండ అన్నం పెడుతుంది, బండే మీద పడుతుంది కూడా. నా చిన్నతనంలో మా వీధిలో ఒకాయన కాలుమీద బండ పడింది. నలుగురూ పరుగెత్తుకొచ్చి, గోనెపట్టాలో వేసి, లారీలో నంద్యాల తీసుకుపోయారు. విరిగిన కాలు కదలకుండా అటూ ఇటూ చెక్కలు పెట్టి కట్టాలని ఆ నలుగురిలో ఒక్కరికీ తెలియదు. దారిపొడుగునా కుదుపులే. ప్రాణం దక్కింది గాని కాలు దక్కలేదు. వాళ్ళకు మనసు లేక కాదు, నేర్పిన వాళ్ళు లేక.

ఈ నేర్పు అనేది మనవాళ్ళకు కొత్తేమీ కాదండీ. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం వచ్చినప్పుడు గాంధీగారు సుమారు 1,100 మంది భారతీయులతో అంబులెన్సు దళం కట్టారు. వాళ్ళలో ఎక్కువమంది చెరకు తోటల్లోనూ మరోచోటా ఒప్పందం మీద పనిచేస్తున్న కూలీలు. నేటాల్‌కు అలా పోయినవాళ్ళలో మద్రాసు రాజధాని నుంచి వెళ్ళిన తమిళులు, తెలుగువాళ్ళు ఎందరో. గాయపడినవారిని డోలీలలో మైళ్ళ కొద్దీ మోశారు. వాళ్ళెవరూ డాక్టర్లు కారు. కొద్దిపాటి శిక్షణ పొందిన మామూలు మనుషులే.

ఇక యుద్ధం లేని ఊళ్ళ సంగతి. అమెరికాలాంటి దేశంలో కూడా 1960ల దాకా చాలాచోట్ల రోగిని మోసేది పోలీసు వ్యానో, శవాలను తీసుకుపోయే బండో! లోపల వైద్యం తెలిసినవాళ్ళు ఉండేవారు కారు. పిట్స్‌బర్గ్ నగరంలో పీటర్ సాఫర్ అనే డాక్టరుగారు ఉండేవారు. ఆగిన ఊపిరిని తిరిగి ఆడించే పద్ధతులకు పేరుపొందినవాడు. 1966లో ఆయన చిన్న కూతురే ఉబ్బసంతో చనిపోయింది. ఆ మరుసటి ఏడాది, 1967లో, ఫ్రీడమ్ హౌస్ అనే అంబులెన్సు సంస్థ మొదలైంది. అందులో చేరిందెవరనుకున్నారు? పనిలేనివాళ్ళని, పనికిరానివాళ్ళని ఊరు తీసిపారేసిన నల్లజాతి యువకులు. సాఫర్ వాళ్ళకు చక్కని శిక్షణ ఇప్పించారు. తరువాత నాన్సీ కారోలిన్ అనే డాక్టరమ్మ వచ్చి, తాను కూడా బండి ఎక్కి పని నేర్పింది. ఈ విద్యకు పెద్ద పాఠ్యపుస్తకం రాసింది ఆమే. అయితే 1975లో నగరపాలకులు సొంత సర్వీసు పెట్టుకుని ఫ్రీడమ్ హౌస్‌ను మూసేశారు. దారి వేసినవాళ్ళలో చాలామంది ఆ కొత్త సర్వీసులో నిలదొక్కుకోలేకపోయారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

మన దగ్గర 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైంది. అప్పుడు ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు. నడిపింది సత్యం కంప్యూటర్స్ రామలింగరాజుగారు పెట్టిన ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ. బండికో డాక్టరును పెట్టాలంటే సాధ్యమా? అందుకని జీవశాస్త్రం చదివిన బి.ఎస్సీ. పిల్లలను తీసుకుని, కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి, బండి ఎక్కించారు. డిగ్రీ చేతపట్టుకుని ఇంట్లో కూర్చున్న పల్లెపిల్లలకు అదొక కొత్త తలుపు. 2009లో సత్యం వ్యవహారం బయటపడ్డాక జి.వి.కె. వారు ఆ సంస్థను చేపట్టారు. 2020 జూలై 1న విజయవాడలో 108, 104 వాహనాలు కలిపి వెయ్యికి పైగా ఒకేసారి రోడ్డెక్కాయి.

బండిలో ఇద్దరే. తోలేవాణ్ణి పైలట్ అంటారు, వెనక ఇ.ఎం.టి. కారే రక్తాన్ని అదిమిపట్టడం, విరిగిన ఎముకకు కట్టు, ఆక్సిజన్, బి.పి. చూడటం, ఫోనులో డాక్టరును అడిగి మందివ్వడం – ఇదీ పని. అన్నిటికన్నా మనకు తెలియవలసింది కాన్పు. ఆసుపత్రి చేరకముందే నొప్పులు ముదిరితే బండి పక్కకు ఆపి అక్కడే పురుడు పోస్తారు. పుట్టిన బిడ్డను తుడిచి, ఆరబెట్టి, తల్లి గుండెకు ఆనించి కప్పుతారు. ఆ క్షణాన పక్కన ఒక ఆడపిల్ల ఉంటే ఆ తల్లికి ఎంత ధైర్యమో మీకు వేరే చెప్పాలా?

మరి కష్టాలు లేవా? ఉన్నాయి. పన్నెండేసి గంటల డ్యూటీ. ఉద్యోగం ప్రభుత్వానిది కాదు, నడిపే సంస్థది. సంస్థ మారినప్పుడల్లా గుండె దడే. జీతాల కోసం 108 సిబ్బంది పలుమార్లు ఆందోళనకు దిగారు. ఫ్రీడమ్ హౌస్ కథ అందుకే చెప్పాను. ప్రాణాలు నిలిపేవాళ్ళ బతుకు నిలకడ గురించి లోకం ఆఖరున ఆలోచిస్తుంది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ వైద్యవృత్తుల చట్టంలో ఈ వృత్తికి కూడా పేరు దక్కింది. అది చిన్న సంగతి కాదు.

చేరదలచిన పిల్లలకు రెండు మాటలు. ఏ చదువు అడుగుతున్నారో, ఎవరు తీసుకుంటున్నారో ప్రకటన చూసి తెలుసుకోండి. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బడిగే దళారీకి రూపాయి ఇవ్వకండి. ఆర్డరులో జీతం, పి.ఎఫ్., సెలవులు చదివాకే సంతకం పెట్టండి. రాత్రి డ్యూటీకి రానూపోనూ ఏర్పాటేమిటో ముందే అడగండి. అడగడం తప్పు కాదు.

ఇదంతా విని మా పక్కింటావిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు కూతురితో, "ఆ కాగితాలేవో తీసుకురా, నేనూ చూస్తాను" అంది. ఒప్పుకున్నట్టని నేననను. కాని "వద్దు" అన్నచోట "చూస్తాను" అనడం తక్కువేమీ కాదు.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు ఉండకూడదంటే, బావి ముందే తవ్వేవాళ్ళు కావాలి. వాళ్ళు మన పిల్లలే కావచ్చు.

సెలవు.