వానను బట్టి పాట మార్చిన రోసెట్టా

రైలు దిగండి. ఇది 1964 మే 7, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్. ఈ విల్‌బ్రహాం రోడ్ స్టేషన్‌లో మామూలు ప్రయాణికుల రైళ్లు ఆగి దాదాపు ఆరేళ్లయింది. ఇవాళ ఒక్క కచేరీ కోసం గ్రెనడా టీవీ వాళ్లు దీన్ని అమెరికా దక్షిణాది పల్లె స్టేషన్‌లా ముస్తాబు చేశారు. పట్టాలకు అవతలి ప్లాట్‌ఫాం మీద చెక్కపెట్టెలు, కోళ్లు, మేకలు. ఇవతల కుర్రకారు మధ్య ఇరుక్కుని మీరు. పైన వాన.

గుర్రబ్బండి వచ్చి ఆగింది. తోటి గాయకుడు కజిన్ జో చెయ్యి అందిస్తే సిస్టర్ రోసెట్టా థార్ప్ దిగింది. వయసు 49. ఒంటిమీద పెద్ద కోటు, కాళ్లకు మడమల చెప్పులు. తడి నేల కదా, చూసి చూసి అడుగేస్తోంది. మొదట పాడాలనుకున్నది వేరే పాట. వాన చూసి మార్చేసింది. నోవా నాటి జలప్రళయం పాట, ‘డిడంట్ ఇట్ రెయిన్’, అందుకుంది.

తెల్ల గిబ్సన్ గిటార్ మెడలో పడగానే చెప్పుల భయం పోయింది. పాట మధ్యలో గొంతు ఆపింది. ఇక గిటారే పాడుతోంది. తీగ తీగనూ విడివిడిగా గుంజుతుంటే యాంప్లిఫయర్‌లోంచి స్వరం గరగరమంటూ పట్టాలు దాటి మీ మీదికొస్తోంది. తలలు తడుస్తున్నా ఎవరూ లేవడం లేదు. మీ చేతులు ఎప్పుడు తాళం అందుకున్నాయో మీకే తెలీదు.

ఇది నిన్న మొన్న నేర్చిన వాయింపు కాదు. ఆర్కాన్సాలోని కాటన్ ప్లాంట్‌లో 1915లో పుట్టిందామె. తల్లి కేటీ బెల్ మాండొలిన్ వాయిస్తూ ఊరూరా దైవవాక్యం చెప్పేది. వాళ్ల చర్చిలో దేవుణ్ని తలచుకుంటే చప్పట్లు మోగాల్సిందే, కాళ్లు ఆడాల్సిందే. రాయలసీమలోని కలకడ వైపు చెక్కభజన చూసినవాళ్లకు ఆ ఊపు కొత్తేమీ కాదు. భక్తి ముదిరేకొద్దీ అడుగు వేగం పెరుగుతుంది.

1938లో ఆ చర్చి పాటల్నే రికార్డు చేసి, నైట్‌క్లబ్బుల్లోనూ పాడింది. చర్చి పెద్దలకు అది గిట్టలేదు. 1945లో ‘స్ట్రేంజ్ థింగ్స్ హాపెనింగ్ ఎవ్రీ డే’ నల్లజాతి శ్రోతల పాటల పట్టికలో రెండో స్థానం దాకా ఎక్కింది. అదే తొలి రాక్ అండ్ రోల్ రికార్డు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1947లో జార్జియాలోని మేకన్‌లో 14 ఏళ్ల కుర్రాడొకడు రోసెట్టా పాటలు పాడుతుంటే విని వేదికెక్కించింది. ఆ కుర్రాడే లిటిల్ రిచర్డ్. 1951లో వాషింగ్టన్‌లోని బేస్‌బాల్ మైదానంలో పెళ్లి చేసుకుంది. వేలమంది టికెట్ కొని వచ్చారు. పెళ్లిబట్టలతోనే గిటార్ వాయించింది. ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డు రావడానికి అప్పటికింకా మూడేళ్లుంది.

ఎల్విస్‌కీ, చక్ బెరీకీ, లిటిల్ రిచర్డ్‌కీ రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1986లో, తొలి విడతలోనే పీట వేసింది. 1973లో కన్నుమూసిన రోసెట్టాకు ఆ పీట 2018లో గానీ దక్కలేదు. కొడుకులకు ముందు వడ్డించి, వంట నేర్పిన తల్లిని 32 ఏళ్లు బయట కూర్చోబెట్టారు.