సగం పడవ బొమ్మా, తాళ్ళరేవు మేస్త్రీ బుర్రా

మాది మార్కాపురం, పలకల ఊరు. సముద్రం చూడాలంటే ఒంగోలు దాటి కొత్తపట్నం దాకా పోవాలి. అలాంటి నాకు తెరచాప పడవల పిచ్చి ఎలా పట్టిందని అడక్కండి. ఆఫీసులో బిల్డ్ నడుస్తున్నంతసేపూ ఏదో ఒకటి చదవాలి కదా!

1903, అమెరికాస్ కప్. మనం తాగే లిప్టన్ టీ ఉంది చూశారూ, ఆ థామస్ లిప్టనే షామ్‌రాక్-3 అనే యాట్‌తో సవాలు విసిరాడు. అమెరికా తరఫున నెథానియల్ హెరెషాఫ్ డిజైన్ చేసిన రిలయన్స్ (అంబానీలది కాదు లెండి). రూలేమిటంటే, నీటిమట్టం దగ్గర పడవ పొడవు 90 అడుగులు మించకూడదు. కానీ కొలిచేది పడవ కదలకుండా నిలబడి ఉన్నప్పుడు! హెరెషాఫ్ ముందూ వెనకా నీటిపైకి సాగదీసి, మొత్తం పొడవు సుమారు 144 అడుగులు చేశాడు. గాలికి పడవ ఒరిగితే ఆ సాగదీసిన భాగమూ నీళ్ళలోకి దిగుతుంది. నీళ్ళలో పొడవు పెరిగితే అందుకోగల వేగమూ పెరుగుతుంది. టెస్ట్ కేసు చూసి కోడ్ రాయడమంటే ఇదే :) 3-0తో గెలిచింది. 1913లో దాన్ని తుక్కు కింద విరగ్గొట్టేశారు. ఆ లొసుగు పూడ్చే యూనివర్సల్ రూల్ రాసిందీ హెరెషాఫే.

నాకు నచ్చింది ఇంకోటి. ఆయన పడవ ఆకారాన్ని కాగితం మీద గీసేవాడు కాదు. చెక్కలో సగం పడవ బొమ్మ చెక్కి, దాన్నుంచి కొలతలు తీసి పుస్తకంలో ఎక్కించేవాడు. ఆ బొమ్మలు ఇప్పటికీ రోడ్ ఐలండ్‌లోని బ్రిస్టల్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇది చదవగానే కాకినాడ దగ్గరి కోరంగి గుర్తొచ్చింది. 18, 19 శతాబ్దాల్లో ఓడలు కట్టిన రేవు. బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచేవారంటే ఎంత పేరుందో చూడండి. 1789, 1839 తుఫాన్లు ముంచేశాయి, గోదావరి మేట మిగతా పని కానిచ్చింది. పక్కనే తాళ్ళరేవులో మాత్రం 20వ శతాబ్దంలో కూడా తెరచాప ఓడలు కట్టారు. వాటి డిజైనంతా మేస్త్రీ బుర్రలో, చేతిలో ఉండేది.

డ్రాయింగ్ లేకపోతే ఇంజనీరింగే కాదని కాలేజీలో నాలుగేళ్ళు నమ్మాను. ఇక్కడా అక్కడా డ్రాయింగ్ లేదు, తేడా అల్లా కొలతల పుస్తకం. మనవాళ్ళకి రాసుకునే అలవాటు లేదని తిట్టడం తేలికే గానీ, హెరెషాఫ్ వెనక కోటీశ్వరులున్నారు. మేస్త్రీ వెనక ఎవరున్నారు? మా టీంలో ఒకాయన డాక్యుమెంట్ రాయకుండా మానేస్తే ఆయన కోడ్ అర్థంకాక మూణ్ణెల్లు ఏడ్చాం. ఓడ పోతే ఎవరూ ఏడవలేదు.

తాళ్ళరేవులో పాత మేస్త్రీలెవరైనా మీకు తెలిస్తే చెప్పండి. సంక్రాంతి సెలవులకి టేపూ, నోటుబుక్కూ పట్టుకుని వస్తాను.