తారు అంచున

కాణిపాకం నుంచి చిత్తూరుకు 11 కిలోమీటర్లు. మా పెద్దనాయన ముప్పై ఏళ్లు ఆ దూరం సైకిల్ మీదే పాలు మోసినాడు. హ్యాండిల్‌కు చెరోపక్క ఒక క్యాను, వెనక క్యారియర్ మీద మడతపెట్టిన గోనెసంచి. అప్పట్లో ఆ రోడ్డుకు రాజు ఆయనే. బస్సు వస్తే హారన్ కొట్టేది, ఈయన తీరిగ్గా పక్కకు జరిగేవాడు.

తరవాత రోడ్డు పెద్దదయింది. సైకిల్‌ను ఎవరూ పొమ్మనలేదు, పొగబెట్టారు. పొర మీద పొర తారు వేసుకుంటూ పోతే అంచు పక్కన మట్టి జానెడు కిందికి పోయింది. అంచున ఒక తెల్లగీత. గీత అవతల ఆటోలు, కొబ్బరికాయల బండ్లు. వినాయక చవితి నుంచి మా ఊరి గుడిలో 21 రోజుల బ్రహ్మోత్సవాలప్పుడైతే కార్లే కార్లు. పెద్దనాయన బస్సుల దారిలోకి రాక తప్పేది కాదు. ఆయన వెనక బస్సు, బస్సు వెనక లారీ, ఆగలేనివాడు ఎదురు వరుసలోకి దూరడం. సైకిలే అడ్డమని అందరూ తిట్టేవాళ్లు. రోడ్డు గీసినవాణ్ని ఎవరూ తిట్టలేదు.

ఒకనాటి తెల్లవారుజామున లారీకి దారివ్వబోతే ముందు చక్రం తారు అంచు దిగింది. పాలు మట్టిపాలు. మోకాలు మళ్లీ వంగలేదు. మామిడిపండు తెంపినందుకు చేతులు పోగొట్టుకున్న లిఖితుడికి మా ఏట్లో మునిగితే చేతులొచ్చాయట, అందుకే అది బాహుదా. కాళ్ల సంగతి ఆ కథలో లేదు.

టొరంటో, వాంకూవర్‌లలో గాయపడిన సైకిలువాళ్లను విచారించి 2012లో ఒక పరిశోధన వెలువరించారు. పక్కన కార్లు నిలిపి ఉండే పెద్దరోడ్డు కన్నా, గట్టు కట్టి వేరుచేసిన సైకిల్ దారిలో ప్రమాదం తొమ్మిదో వంతేనట. వట్టి గీతతో అంత మేలు కనబడలేదు. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కూడా సైకిల్ దారుల కొలతలు 1962లోనే రాసిపెట్టింది. హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. ముచ్చటైన పని, ఒళ్లు తగ్గించుకునేవాళ్లకు మంచిదే. పాలక్యాన్లు తిరిగే దారి మాత్రం అది కాదు.

పెద్దనాయన పోయినాక సైకిల్‌ను పాత ఇనుము బేరగాడు కిలోల లెక్కన తూచుకుని పోయాడు. రోడ్డుకు మొన్న మళ్లీ తారు వేశారు. పక్కన మట్టి పోయలేదు.