సిమెంట్ పరిశ్రమకు అణు విద్యుత్తు: నిర్వాహకుల బాధ్యతా పరిమితులలో సడలింపు

జగ్గయ్యపేట, నందిగామ: కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతముగా పేరొందిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో భాగమైనవి. ఇక్కడి సున్నపురాయి నిక్షేపముల ఆధారముగా జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కె.సి.పి. సిమెంట్ కర్మాగారములు నెలకొన్నవి. సిమెంట్ వంటి పరిశ్రమల సొంత వినియోగానికి 220 మెగావాట్ల భారత్ స్మాల్ రియాక్టర్ల నిర్మాణం నిమిత్తం భారత అణు విద్యుత్ సంస్థ 2024 డిసెంబరులో ప్రతిపాదనలను ఆహ్వానించినది. పెట్టుబడి పరిశ్రమది, నిర్వహణ ఆ సంస్థది.

2010 నాటి అణు నష్ట పౌర బాధ్యత చట్టం ప్రకారం 10 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యము, అంతకు మించిన రియాక్టర్లన్నిటికీ నిర్వాహకుని బాధ్యత ఒకటే: రూ.1,500 కోట్లు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం దీనిని అంచెలుగా విభజించినది. ఉష్ణ సామర్థ్యం 3,600 మెగావాట్లు మించినచో రూ.3,000 కోట్లు, 1,500 నుండి 3,600 వరకు రూ.1,500 కోట్లు, 750 నుండి 1,500 వరకు రూ.750 కోట్లు, 150 నుండి 750 వరకు రూ.300 కోట్లు, అంతకు లోపు రూ.100 కోట్లు.

ఈ లెక్క విద్యుత్ సామర్థ్యంపై కాక ఉష్ణ సామర్థ్యంపై ఆధారపడినదని విలేకరులు గమనించవలెను. 220 మెగావాట్ల విద్యుత్ రియాక్టర్ ఉష్ణ సామర్థ్యం సుమారు 800 మెగావాట్లు. కనుక అది రూ.750 కోట్ల అంచెలోనికి వచ్చును. పాత చట్టంతో పోల్చిన బాధ్యత సగమైనది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదించిన 1,208 మెగావాట్ల రియాక్టర్లకు మాత్రం రూ.1,500 కోట్లే కొనసాగును. నిర్వాహకుని పరిమితికి మించిన నష్టము కేంద్ర ప్రభుత్వముపై పడును. పరికరముల లోపమునకు సరఫరాదారుపై నిర్వాహకుడు దావా వేయుటకు పాత చట్టంలో ఉన్న ప్రత్యేక వీలును కొత్త చట్టం తొలగించినది. చిన్న రియాక్టరుకు చిన్న పరిమితి అన్నది సబబుగానే తోచినను, సమీప గ్రామముల వారు అడుగు ప్రశ్న వేరు: పంట, పశువు, ఇల్లు కోల్పోయిన వారికి పరిహారము ఎంత కాలములో అందును?

పరిశ్రమ లాభము సైతం పరిమితమే. క్లింకరు తయారీకి కొలిమిలో దాదాపు 1,450 డిగ్రీల ఉష్ణము కావలెను. ఈ రియాక్టర్ల ఆవిరి ఆ వేడికి చాలదు. మిల్లులు, ఫ్యాన్ల విద్యుత్తు మాత్రమే దీని నుండి లభించును. టన్ను సిమెంటుకు సుమారు 80 యూనిట్ల చొప్పున, ఏటా 10 లక్షల టన్నుల కర్మాగారమునకు సగటున 9 మెగావాట్లు చాలును. అందుచేత ఒక్క కర్మాగారము కొరకు ఇంతటి కేంద్రము పొసగదు. పలు సంస్థలు కలిసిన గాని, మిగులు విద్యుత్తు గ్రిడ్‌కు చేరిన గాని లెక్క కుదరదు.

బాధ్యతా పరిమితి తగ్గినంత మాత్రాన స్థల నిబంధనలు తగ్గవు. అణుశక్తి నియంత్రణ మండలి 2014 నాటి స్థల నియమావళి రియాక్టరు చుట్టూ కనీసం ఒక కిలోమీటరు నివాస రహిత పరిధిని నిర్దేశించినది. చల్లబరచుటకు నీరు కృష్ణా నది నుండియే రావలెను. ముక్త్యాల, వేదాద్రి తీరము పులిచింతలకు దిగువన, ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఉన్నది. డెల్టా కాలువలకు చేరు నీరు ఈ మార్గముననే సాగును.