నఖ్ఖాద్ అంటే నాణెం పరీక్షించేవాడు



మన ఇళ్లలో "తన్ఖీద్" అనే మాట వినగానే ముఖాలు మాడిపోతాయి. తన్ఖీద్ అంటే ఐబ్ వెతకడం, ఎదుటివాడి మెహనత్ మీద నీళ్లు చల్లడం అనే అర్థం మన బుర్రల్లో స్థిరపడిపోయింది. అసలు ఆ మాట పుట్టింది సర్రాఫు దుకాణంలో. అరబీలో "నఖ్ద్" అంటే నాణెం. తెలుగులో మనం రోజూ అనే "నగదు" కూడా అదే. చేతికొచ్చిన నాణేల్లో ఖరా ఏది, ఖోటా ఏది అని తేల్చేవాడు నఖ్ఖాద్. తర్వాత అదే పేరు షాయిరీని పరఖాయించే మనిషికి వచ్చింది. పదో శతాబ్దంలో ఖుదామా బిన్ జాఫర్ షాయిరీ మంచిచెడ్డల మీద రాసిన కితాబుకి "నఖ్ద్ అష్షిఅర్" అనే పేరు పెట్టాడు.

అంతకు ముందే, తొమ్మిదో శతాబ్దంలో, ఇబ్న్ సల్లామ్ అల్ జుమహీ ఒక కిస్సా రాసిపెట్టాడు. ఖలఫ్ అల్ అహ్మర్ అనే పెద్ద ఆలిమ్‌తో ఒకాయన, నాకు పద్యం నచ్చితే చాలు, మీ రాయితో నాకేం పని అన్నాడట. ఖలఫ్ తిరిగి ఒక సవాల్ వేశాడు: నువ్వు ముచ్చటపడి తీసుకున్న దిర్హమ్‌ని సర్రాఫు ఖోటా అని తేల్చేస్తే, నీ ముచ్చట నీకేం పనికొస్తుంది? వెయ్యేళ్లు దాటినా ఈ బహస్ తెగలేదు. నా పసంద్ నాది అనేవాడు ఒకవైపు, పసంద్ వేరు పరఖ్ వేరు అనేవాడు మరోవైపు.

మన దక్కన్‌లో మొదట ఫన్‌కి తీర్పు చెప్పింది బాద్‌షాలే. బీజాపూర్‌లో రెండో ఇబ్రాహీం ఆదిల్ షా ఖలీలుల్లా అనే ఖుష్‌నవీస్ రాత చూసి "పాద్‌షాహె ఖలమ్" అనే ఖితాబు ఇచ్చాడు. అటు ఢిల్లీ, ఆగ్రా వైపు జహంగీర్, ఏ తస్వీర్ ఏ ముసవ్విర్ చేతిదో చూడగానే చెప్పేస్తానని తన తుజుక్‌లో ఫఖ్ర్‌గా రాసుకున్నాడు. అబుల్ హసన్‌కి "నాదిరుజ్జమాన్" బిరుదు ఆయన ఇచ్చిందే. నజర్ ఉన్న పాదుషా దొరకడం ఆ ముసవ్విర్ల అదృష్టం. అయితే ఈ పద్ధతిలో ఒక ఖతరా ఉంది. డబ్బిచ్చేవాడూ తీర్పు చెప్పేవాడూ ఒక్కడే. ఆ దర్బార్ పోతే ఆ తీర్పుకి గవాహీ ఇచ్చేవాడు మిగలడు. 1686లో బీజాపూర్ పడింది, 1687లో గోల్కొండ పడింది. హైదరాబాద్ కట్టిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ కులియాత్‌కి బొమ్మలు వేసిన ప్రతి ఒకటి సాలార్‌జంగ్ మ్యూజియంలో భద్రంగా ఉంది. గోల్కొండ బొమ్మల్లో చాలావాటికి గీసినవాళ్ల పేర్లు మాత్రం మిగల్లేదు.

తర్వాత ఇంగ్లీషువాళ్లు తమ తరాజు తెచ్చుకున్నారు. సర్ జార్జ్ బర్డ్‌వుడ్ మన దస్త్‌కారీని ఎంతో మెచ్చుకున్న మనిషి. నేత, నగిషీ, లోహపు పని గురించి పెద్ద కితాబే రాశాడు. అదే మనిషి 1910లో లండన్ సభలో, హిందుస్తాన్‌లో ఉన్నత కళ అనేదే లేదన్నాడు. జావా బుద్ధుడి విగ్రహం ఫోటో చూపించి, ఉడకబెట్టిన కొవ్వు పిండిముద్ద కూడా ఆ పని చేస్తుందని ఎద్దేవా చేశాడు. ఆయన కళ్లకి లోపం లేదు, తప్పంతా చేతిలోని తరాజుది. గ్రీకు శిల్పాన్ని తూచే రాళ్లతో మన శిల్పాన్ని తూచాడు. దానికి జవాబుగా 13 మంది ఫన్‌కారులు, నఖ్ఖాదులు లండన్ టైమ్స్ పత్రికకి ఖత్ రాశారు. ఆ ఏడాదే ఇండియా సొసైటీ పుట్టింది.

ఆ రోజుల్లోనే లేడీ హెరింగ్‌హామ్ అజంతా గుహల్లో కూర్చుని బొమ్మలకు నకళ్లు తీస్తోంది. అజంతా అప్పుడు నిజాం రియాసత్‌లోది. కలకత్తా నుంచి నందలాల్ బోస్ వంటివాళ్లు వస్తే, హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, ముహమ్మద్ ఫజ్లుద్దీన్ వెళ్లారు. బుద్ధుడి బొమ్మ ముందు కూర్చుని గీత గీతనీ కాగితం మీదకు దించిన ఆ ఇద్దరి సంగతి మన పిల్లలకు ఎవరైనా చెప్పారా? 1914లో రియాసత్‌లో ఆసారె ఖదీమా శాఖ ఏర్పడి, గులాం యజ్దానీ దానికి నాజిమ్ అయ్యారు. అజంతా మీద ఆయన నాలుగు భాగాల గ్రంథం 1930లో మొదలై 1955లో పూర్తయింది. బొమ్మని రంగుల ఫోటోల్లో ముందు పెట్టి, అది ఏ కథో, ఏ రేఖ ఏం చెబుతోందో వివరించారు. నఖ్ఖాద్ పని అంటే నా లెక్కలో అది. ముందు చూపించాలి, ఆ తర్వాతే తీర్పు చెప్పాలి.

మన దక్కనీ తస్వీర్ల ఇన్సాఫ్ ఇంకా ఆలస్యమైంది. చాలాకాలం వాటిని మొగల్ కళకి ఒక కొమ్మగానో, ఇరానీ నకలుగానో లెక్కకట్టారు. 1937లో స్టెల్లా క్రామ్‌రిష్ దక్కన్ చిత్రకళ మీద ఒక సర్వే రాశారు. 1958లో డగ్లస్ బారెట్, 1983లో మార్క్ జెబ్రౌస్కీ పుస్తకాలు వచ్చాయి. హైదరాబాద్‌లో స్థిరపడిన జగదీశ్ మిత్తల్ ఆ బొమ్మలు ఏరి, పోల్చి, వాటి మీద రాస్తూ జీవితం గడిపారు. కమలా మిత్తల్‌తో కలిసి 1976లో మ్యూజియమే పెట్టారు. 2015లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దక్కన్ సుల్తానుల కళకి ప్రత్యేక ప్రదర్శన చేసింది. ఈ ఎనభై ఏళ్లలో ఆ బొమ్మల మీద ఒక్క గీత కూడా మారలేదు. చూసేవాళ్ల నజర్ మారింది, దాంతో వాటి ఖదర్ మారింది.

మా దొంతన్‌పల్లి నుంచి శహర్‌కి వెళ్లి సాలార్‌జంగ్ మ్యూజియం చూసొచ్చిన పిల్లల్ని అడిగి చూడండి. గంట కొట్టే గడియారం, ముసుగు రెబెక్కా అంటారు. వాటి ముందు నిలబడమని గైడ్ చెప్పాడు కాబట్టి నిలబడ్డారు. గైడ్ కూడా ఒక నఖ్ఖాదే మరి! ఖల్మీ నుస్ఖాల గదిలో ఆగమని చెప్పేవాళ్లు లేకపోతే పిల్లలు దాన్ని దాటుకుని వచ్చేస్తారు. వాళ్లని తప్పుపట్టలేం.

చేవెళ్ల, మొయినాబాద్ వైపు భూముల ధరలు పెరిగి పాత ఇళ్లు కూలుతున్నాయి. అరుగుల మీద పడేసిన ఫ్రేముల్లో చేత్తో రాసిన ఖత్తాతీ కబాడీ బండి ఎక్కడం నేను చూశాను. అద్దానికి ఒక ధర, చెక్కకి ఒక ధర పలికింది, రాతకి ఏమీ పలకలేదు. ఆ రాత బేకార్ అని ఏ నఖ్ఖాదూ అనలేదు. ఏ నఖ్ఖాదూ దాన్ని చూడలేదు, అంతే. తీర్పు తప్పయితే బర్డ్‌వుడ్‌కి చెప్పినట్టు జవాబు చెప్పొచ్చు. తీర్పే లేకపోతే దేనికని జవాబు చెబుతాం?

అందుకే నా దర్ఖాస్తు చిన్నది. మీ ఇంట్లో దాదాల నాటి ఖత్తాతీ గానీ, ఖల్మీ కితాబు గానీ ఉంటే లామినేషన్ చేయించకండి, టేపు అంటించకండి. గోడ చెమ్మకి, ఎండకి దూరంగా పెట్టండి. పెద్దవాళ్లు ఉండగానే కూర్చోబెట్టి అడగండి: ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరి కోసం? చెప్పింది చెప్పినట్టు ఒక కాగితం మీద రాసి దాని పక్కనే ఉంచండి. గోల్కొండ ముసవ్విర్లకి దక్కనిది ఆ ఒక్క కాగితమే.