కాన్వాస్ చట్రంలో టెలిగ్రాఫ్

మోర్స్ కోడ్ పేరు మనం ఫిజిక్స్ క్లాసులో విన్నదే. ఆ మోర్స్ వృత్తిరీత్యా చిత్రకారుడని మాత్రం నాకు ఇంజనీరింగ్ అయ్యాకే తెలిసింది. మన డ్రాయింగ్ మాష్టారు వింటే మురిసిపోయేవారు.

1825లో శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్‌లో లఫాయెత్ చిత్రం వేసే పనిలో ఉండగా న్యూహేవెన్‌లో ఆయన భార్య చనిపోయింది. ఉత్తరం అంది, ఇల్లు చేరేసరికి ఖననం కూడా అయిపోయింది. ఆ దుఃఖంలోంచే టెలిగ్రాఫ్ పుట్టిందంటారు. నాకు నమ్మబుద్ధి కాదు. ఓడలో తోటి ప్రయాణికుడి మాటల్లో విద్యుదయస్కాంతం సంగతి విని ఆయనకు ఆ ఆలోచన వచ్చింది 1832లో, అంటే ఏడేళ్ళ తర్వాత.

1837 నాటి ఆయన యంత్రం చూడండి. దాని చట్రం బొమ్మల కాన్వాస్ బిగించేది! అందులో గడియారం పళ్ళచక్రాలు, విద్యుదయస్కాంతం, కదిలే కాగితం పట్టీ మీద గీతలు గీసే పెన్సిల్. చేతికందిన సామానుతోనే ప్రోటోటైప్ చేశారన్నమాట. దూరం పెరిగేకొద్దీ కరెంటు బలహీనపడే చిక్కు మాత్రం ఆయనకు ఒంటరిగా తెగలేదు. బ్యాటరీలు, తీగ చుట్లు పెంచమని చెప్పింది కెమిస్ట్రీ ప్రొఫెసర్ లెనార్డ్ గేల్. 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు సందేశం వెళ్ళింది.

ఈలోగా 1839లో పారిస్‌లో డాగేర్‌ను కలిసి వచ్చి, న్యూయార్క్‌లో ఫోటోగ్రఫీ కూడా నేర్పారు. బొమ్మలు మాత్రం దాదాపు మానేశారు. అమెరికా పార్లమెంటు భవనంలో వేయాలని ఆశపడ్డ పెద్ద చిత్రం 1837లోనే ఆయన చేజారింది.