సముద్రము దాఁటి వచ్చిన గుఱ్ఱములు



శ్రీశైల మల్లికార్జునస్వామి యాలయమునకుఁ జుట్టును కోటగోడవలె నిలిచిన ప్రాకారమును మీలోఁ బెక్కురు చూచియుందురు. దర్శనమునకుఁ దొందరపడువారు దాని ప్రక్కగా నడచిపోవుదురే కాని నిలిచి చూచువారు తక్కువ. అది విజయనగర రాజుల కాలపు పని. వెలుపలివైపున వరుసలు వరుసలుగా శిల్పములు గలవు. పురాణకథలు, ఏనుఁగులు, వేటలు, నర్తకులు, వాని నడుమ గుఱ్ఱములు, గుఱ్ఱములపై రౌతులు. ఇటీవల మా యక్క మనుమనితోఁ గూడ నేనా గోడ ప్రక్కను బోవుచుండఁగా నీ ప్రసంగమునకు విషయము దొరకినది.

మాది ఆళ్లగడ్డ ప్రాంతము. ఆ పిల్లవానికి వేగముగాఁ బరుగెత్తు మోటారు కార్లన్నఁ బ్రాణము. ఎవఁడో మధ్యవర్తి, భూటాను దేశమున వాడిన పెద్ద కారొకటి చవుకగా వచ్చుననియు, కాగితముల సంగతి తానే చూచుకొందుననియుఁ జెప్పెనఁట. దానికై కె.సి. కాలువ క్రింది రెండెకరముల మాగాణిని అమ్మవలెనని వాని యాలోచన. 2025 సెప్టెంబరులో భూటానునుండి సుంకము కట్టక తెచ్చినవను ననుమానముతో కస్టమ్సువారు కేరళమునఁ బెక్కు కార్లను బట్టుకొన్నారని నేను చెప్పితిని. పరదేశమున వాడిన కారును దెచ్చుకొనుటకు 2001లో వచ్చిన నియమములలో, దాని వయస్సు మూఁడేండ్లకు మించరాదనియు, తిప్పెడు చక్రము కుడివైపుననే యుండవలెననియు నున్నదని చెప్పితిని. సుంకము కారు వెలనే మించునని కూడఁ జెప్పితిని. వాఁడు నవ్వి, "తాతా, మీ కాలమున నివి లేవు గదా!" అనెను. నేను గోడమీఁది గుఱ్ఱమును జూపి, "ఇది యెక్కడి దనుకొన్నావు?" అని యడిగితిని.

మన దక్షిణదేశమున బలమైన యుద్ధాశ్వములు తగినన్ని పుట్టలేదు. మన తట్టువలు బరువు మోయును. కవచము ధరించిన రౌతును మోసికొని శత్రువుపైఁ బడు శక్తి వానికిఁ జాలదు. అందుచేత రాజులు అరబ్బు, పారసీక దేశముల గుఱ్ఱములకై సముద్రమువైపు చూడవలసివచ్చెను. ఓడలో వచ్చిన సరకునకు భద్రత లేదు. గాలివానకుఁ జిక్కి యొడ్డునఁ బడిన యోడలలోని బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలైన సర్వస్వమును పూర్వరాజులు బలవంతముగాఁ గైకొనుచుండిరని కాకతీయ గణపతిదేవుఁడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన శాసనమే చెప్పుచున్నది. తా నట్లు చేయననియు, నిర్ణయించిన సుంకము మాత్రమే తీసికొందుననియు నతఁడు వర్తకులకు అభయ మిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొక పాలు సుంకము. రెడ్డిరాజైన అనవోతారెడ్డి 1358లో నదే మోటుపల్లిలో వర్తకులకు మఱల నభయశాసన మిచ్చెను. ఆ కుటుంబపు రాజులకు శ్రీశైలముపై భక్తి మెండు. ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, మా అహోబలమునకును మెట్లు కట్టించెను. అనవేమారెడ్డి 1377లో శ్రీశైలమున వీరశిరోమండపము నిర్మించెను. శ్రీనాథుఁడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి తెప్పించిన సరకులలో హురుమంజి గుఱ్ఱములును గలవు. హురుమంజి యనఁగాఁ బారసీక సముద్రపు ముఖద్వారమున నున్న హోర్ముజు రేవు.

కొనుట యొక యెత్తు, నిలుపుకొనుట యొక యెత్తు. పదుమూఁడవ శతాబ్దపు చివర మన తీరములఁ దిరిగిన మార్కోపోలో, తమిళదేశపు రాజు లేటేట రెండేసి వేల గుఱ్ఱములను గొనుచుండిరనియు, ఏఁడాది తిరుగునప్పటికి వానిలో నూఱైనను మిగులవనియు వ్రాసెను. వానికి మాంసముతో వండిన యన్నము పెట్టుదురఁట! ఉలవలు పండించు మన సీమవారికిఁ ఈ మాట వింతగాఁ దోఁచును. లాడములు కొట్టుట తెలిసినవారు లేరనియు, గుఱ్ఱములఁ దెచ్చు వర్తకులే అట్టివారిని ఈ దేశమునకు రానీయరనియు నతఁడు చెప్పుచున్నాఁడు. గుఱ్ఱము చచ్చినకొలఁది మఱొక గుఱ్ఱ మమ్ముడు పోవును గదా. ఆ మాటలో ఎంత నిజమో కాని, ఉపాయము మాత్ర మీ కాలపు వర్తకులకును తెలియనిది కాదు. మనవారును ఊరకుండలేదు. మనుమంచి భట్టు గుఱ్ఱముల లక్షణములనే వస్తువుగాఁ దీసికొని తెలుఁగున హయలక్షణ విలాసమను పద్యగ్రంథమును రచించెను.

విజయనగరమున నీ వ్యాపారము రాజ్యమునకు ఆయువుపట్టయ్యెను. దానిని గూర్చి మనకు వివరముగాఁ జెప్పినవాఁడు నూనిజు అను పోర్చుగీసువాఁడు. అతఁడే గుఱ్ఱముల వర్తకుఁడు, 1535 ప్రాంతమున ఆ నగరమున నుండినవాఁడు. అతఁడు వ్రాసినదానిలో సాళువ నరసింహరాయల సంగతి నా కెప్పుడును మఱపు రాదు. రాయలు హోర్ముజు, ఏడెను రేవులనుండి గుఱ్ఱములఁ దెప్పించి, వర్తకు లడిగిన వెల యిచ్చుచుండెను. మూఁడు గుఱ్ఱములకు వేయి వరాలు. బ్రదికి వచ్చినను సరే, చచ్చినను సరే. సముద్రముమీఁదఁ జచ్చినదానికి వర్తకుఁడు తోక కోసి తెచ్చి చూపిన జాలును, బ్రదికినదానితో సమానముగా సొమ్ము ముట్టుచుండెను. వినుటకు వెఱ్ఱితనముగాఁ దోఁచును. కాని ఆలోచింపుఁడు: ప్రయాణపు నష్టమంతయు వర్తకునిపైఁ బడిన, వాఁ డీ రేవునకు రానే రాఁడు, శత్రువు రేవునకుఁ బోవును. ఆ తోకలకు నరసింహరాయ లిచ్చిన సొమ్ము, గుఱ్ఱములు బహమనీలకుఁ బోకుండఁ గట్టిన వెల.

శ్రీకృష్ణదేవరాయ లింకను నేర్పరి. దూరదేశములనుండి ఏనుఁగులను, మంచి గుఱ్ఱములను దెచ్చు వర్తకులకు ఊళ్లును మంచి యిండ్లును ఇచ్చి, కొలువున గౌరవించి, తగిన లాభము దక్కనిచ్చి, ఆ సరకు పగవారికిఁ జేరకుండఁ జూచుకొనవలెనని ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పెను. విజయనగరపు రాజు ఏటేటఁ బదుమూఁడు వేల గుఱ్ఱములు కొనుచుండెనని నూనిజు లెక్క. అందులో మేలైనవి తన లాయమున నుంచుకొని, తక్కినవానిని వేయి వరాలకు ఐదు చొప్పున నాయకుల కంటగట్టుచుండెనఁట. నాయకులు ఆ సొమ్మును సెప్టెంబరు నెలలోఁ గట్టవలెను. ఆ వసూలుతోనే రాయలు పోర్చుగీసులకు అరబ్బు గుఱ్ఱముల వెల తీర్చును. బొక్కసమునుండి చిల్లిగవ్వ కదలదు. ఆ నాయకులు తమకు వచ్చిన గుఱ్ఱముల పండ్లు చూచుకొని యెంత గొణిగిరో చరిత్రలో లేదు!

అంత నేర్పరికిని మధ్యవర్తి చేతిలో దెబ్బ తప్పలేదు. చాలకాలము కొలువు చేసిన సీదీ మర్కారు అనువానికి రాయలు నలువది వేల వరాలిచ్చి, గుఱ్ఱములు కొని తెమ్మని గోవాకుఁ బంపెను. వాఁడు గోవా సమీపమునఁ బోండాకుఁ జేరి, సొమ్ముతో సహా బిజాపురపు ఆదిల్‌షాహు నాశ్రయించెను. వానిని అప్పగింపుమని రాయలు వ్రాసెను. షా, వాఁడు ప్రవక్త వంశమువాఁడు, పండితుఁడు, అప్పగింపఁజాలనని మాట దాఁటవేసెను. దానిపై రాయలు రాయచూరు మీఁదికి నడచెను. 1520 మేనెల 19వ తేదీ కృష్ణానది దాపున జరిగిన యుద్ధములో ఆదిల్‌షాహు ఓడిపోయెను. రాయచూరు దోఆబునకై తరతరములుగా నున్న పగయే అసలు కారణము, సీదీ మర్కారు నిప్పురవ్వ మాత్రమే యని నా యభిప్రాయము. అయినను ఆ రవ్వ గుఱ్ఱపు బేరమున లేచినదే. ఆనాఁడు రాయలకుఁ జిక్కిన కొల్లలో నాలుగువేల హోర్ముజు గుఱ్ఱములున్నవని నూనిజు చెప్పును. పోయిన సొమ్మునకు వడ్డీతోఁ గూడ వచ్చినట్లే, కాని మధ్య నెన్ని వేలమంది పడిరో!

ఈ సరుకంతయు వచ్చు దారి యిప్పుడు పరాయి చేతిలో నుండెను. పోర్చుగీసులు 1510లో గోవాను బట్టుకొని, గుఱ్ఱపు టోడలన్నియుఁ దమ రేవుననే దిగి సుంక మీయవలెనని నిర్బంధించిరి. ఇటు విజయనగరము, అటు బిజాపురము, ఇద్దఱును వారినే బ్రతిమాలుకొనిరి. 1547లో సదాశివరాయల ప్రభుత్వము వారితో ఒడంబడిక చేసికొని, గోవాలో దిగు గుఱ్ఱములు బిజాపురమునకుఁ గాక తమకే రావలెనని వ్రాయించుకొనెను. పదునెనిమిదేండ్లు గడిచినవి. 1565లో రక్కసతంగడి యుద్ధముతో నగరము కూలెను. కొనువాఁడు పోఁగానే గోవాలో గుఱ్ఱపు సుంకమును సన్నగిల్లెను.

ఈ కథనంతయు నేను గోడప్రక్కను గూర్చుండి మా మనుమనికిఁ జెప్పితిని. ఎండ యెక్కినది. వాఁడు లేచి, రౌతు లేని యొక గుఱ్ఱమును జూచి, "తాతా, మధ్యవర్తి నొక మాట యడుగుదును. కారు నంద్యాల రవాణా కార్యాలయమున నా పేర నమోదైన పిమ్మటనే సొమ్మిత్తు నందును," అనెను. "దారిలోఁ బట్టుకొన్నచో?" అంటిని. "తోక తెచ్చి చూపిన వెల యిచ్చుటకు నేను రాయలను గాను గదా!" అని నవ్వెను.

ఆ సాయంకాలమే మధ్యవర్తికిఁ దంతి మాటలాడెను. ఆలోచించి చెప్పెద నన్నవాఁడు మఱల పలుకలేదు. మాగాణి యింకను మాదే. ఈ సంవత్సరము వరి వేసినాము.